640 అంగలు: గాజులదిన్నె లోతులేని నీళ్ళకు ఒక తేలిక పడవ

మార్చి చివరి వారంలో తెల్లవారుజామున గాజులదిన్నె జలాశయం ఒడ్డుకు వెళ్ళాను. ఒడ్డు అనడమే గాని అక్కడ నీళ్ళు లేవు. కార్తీకమాసంలో పడవ తాడు కట్టిన రాయి ఎండు నేల మీద ఒంటరిగా ఉంది. ఆ రాయి దగ్గర నుంచి అంగలు లెక్కపెడుతూ నీటి అంచు దాకా నడిచాను. మొత్తం 640. మొదటి 400 బీటలు వారిన గట్టి రేగడి. తర్వాతి 150 చీలమండ దిగబడే బురద. చివరి 90 మోకాలి దాకా. నీళ్ళు మొదలయ్యాక కూడా ఇంకో 200 అంగల వరకు మోకాలి లోతు దాటలేదు.

ఆ నడకను లెక్కలోకి తీసుకోకపోవడం వల్ల నా దగ్గరకు వచ్చిన దంపతులు ఒకసారి డబ్బు పోగొట్టుకున్నారు. అదే నడకను సగమే లెక్కలోకి తీసుకుని నేనూ ఒకసారి తప్పు చేశాను. ఆ రెండూ రాస్తున్నాను.

నాకు కర్నూలులో చిన్న ఫైబర్ షెడ్డు ఉంది. నీళ్ళ తొట్లు, బాత్రూం తలుపులు మాకు కూడు పెట్టే పని. పడవలు ఏడాదికి నాలుగైదుకు మించవు, కానీ నా మనసంతా వాటి మీదే ఉంటుంది. ఆ భార్యాభర్తలు గాజులదిన్నెకు దగ్గరలోని ఊరివాళ్ళు. ఆయనకు యాభై దాటాయి, ఆమెకు నలభై ఐదు ఉంటాయి. ఆమె తెడ్డు వేస్తుంది, ఆయన వల దింపుతాడు, ఎత్తుతాడు. ఇరవై ఏళ్ళుగా అదే జోడీ. ఆమెకు ఈత రాదు. ఈ మాట చెప్పినప్పుడు ఆమె గొంతులో భయం లేదు. భయం నాకు వేసింది.

హంద్రీ నది మీద కట్టిన ఈ జలాశయానికే సంజీవయ్య సాగర్ అని పేరు. కట్ట దగ్గర లోతు ఉంటుంది గాని, వీళ్ళ ఊరి వైపు నేల పళ్ళెంలా పరచుకుని ఉంటుంది. నీటి మట్టం ఒక అడుగు తగ్గితే ఒడ్డు పదుల అంగలు వెనక్కి పోతుంది. వీళ్ళకు కావలసిన చేప ఉండేది కూడా ఆ లోతులేని చోటే. జిలేబి చేప అంచు నీళ్ళలోనే నేలను గుంటలా తవ్వి గుడ్లు పెడుతుంది. కొర్రమీను నాచు, తుంగ మధ్య పొంచి ఉంటుంది. బొచ్చె, శీలావతి కోసం లోతుకు వెళ్ళేవాళ్ళు వేరే ఉన్నారు. వాళ్ళకు పెద్ద పడవలు ఉన్నాయి. వీళ్ళ బతుకు మోకాలి లోతుకూ నడుము లోతుకూ మధ్యనే.

వీళ్ళు అప్పటికే ఒక పడవ కొని ఉన్నారు. కోస్తా నుంచి తెచ్చిన పాత ఫైబర్ పడవ, పదహారు అడుగులు. చూడటానికి ఎంతో అందంగా ఉంది, మొన కత్తిలా ఉంది. అలలను చీల్చడానికి చేసిన పడవ అది. అడుగు కోణంగా ఉండి, నడుమ వెన్నుపట్టీ దిగి ఉంది. తూకం వేస్తే 140 కిలోలు. నలుగురు లేనిదే కదలదు. నీళ్ళలోకి అడుగుకు పైనే దిగుతుంది. సంక్రాంతి వెళ్ళాక ఆ పడవకు పని ఉండదు. అమ్మినవాళ్ళను తప్పుపట్టలేం, అది దాని నీళ్ళలో మంచి పడవే. కానీ అప్పు మాత్రం వీళ్ళ ఇంట్లో మిగిలింది. వేసవి అంతా ఆయన లారీ ట్యూబు మీద కూర్చుని వల వేశాడు. నీళ్ళ కింద సర్కారు తుమ్మ మోళ్ళు ఉన్నాయి. ఏప్రిల్‌లో ఒక ముల్లు ట్యూబును చీల్చింది. అదృష్టం కొద్దీ అక్కడ నీళ్ళు నడుము లోతే.

"ఇంజను వద్దు, అందం వద్దు తమ్ముడూ. మేమిద్దరం మోసుకుపోగలిగేది కావాలి" అన్నాడు ఆయన.

మొదట పుట్టి, అంటే గుండ్రటి బుట్ట పడవ, గురించే ఆలోచించాను. మా కర్నూలు వాళ్ళకు తుంగభద్ర పుట్టిని కాదనే ధైర్యం రాదు. వెదురు బద్దల బుట్టకు ఒకప్పుడు తోలు చుట్టేవారు, ఇప్పుడు ప్లాస్టిక్ పట్టా వేసి తారు పూస్తారు. సుంకేసుల ఎగువన బండల మధ్య మడుగుల్లో దాన్ని మించినది నేను చూడలేదు. రాయి తగిలితే వెదురు వంగుతుంది, మళ్ళీ నిలబడుతుంది. ఒక్కడే బోర్లించి గొడుగులా నెత్తిన పెట్టుకుని పోగలడు. లోతు విషయంలోనూ దానిదే గెలుపు. ఇది ఎందుకో కొంచెం వివరంగా చెప్పాలి, పడవ ఎంపికంతా ఈ లెక్క మీదే నడుస్తుంది.

నీళ్ళ మీద తేలే ఏ వస్తువైనా తన బరువుకు సమానమైన నీటిని పక్కకు తోస్తుంది. ఒక లీటరు నీరు ఒక కిలో. కాబట్టి పడవ, మనుషులు, వలలు, చేపలు అన్నీ కలిపి 200 కిలోలు ఉంటే 200 లీటర్ల నీటిని తోయాలి. అడుగు బల్లపరుపుగా రెండు చదరపు మీటర్లు ఉంటే ఆ నీరు పది సెంటీమీటర్ల మందాన ఉంటుంది. అంటే పడవ పది సెంటీమీటర్లు, దాదాపు అర జానెడు, దిగుతుంది. ఈ కొలతను మా షెడ్డులో దిగుడు అంటాం. అడుగు పరపు పెరిగితే దిగుడు తగ్గుతుంది, బరువు పెరిగితే దిగుడు పెరుగుతుంది. ఇందులో దాపరికం ఏమీ లేదు. అడుగు రెండు మీటర్ల వ్యాసం ఉన్న గుండ్రటి పుట్టికి పరపు మూడు చదరపు మీటర్ల పైమాటే. అదే మనుషులు, అదే సామానుతో అది ఏడు సెంటీమీటర్లే దిగుతుంది. బెత్తెడు నీళ్ళు చాలు.

అయినా పుట్టి వద్దనుకున్నాను. కారణం ఆషాఢం గాలి. జలాశయం మీద ఆ పడమటి గాలికి అడ్డు ఏదీ లేదు. గుండ్రటి పుట్టికి ముందూ వెనకా ఉండవు, గాలి ఎటు తోస్తే అటు తిరుగుతుంది. మడుగులో ఇరవై బారలు పోవడానికి అది సరిపోతుంది. ఇక్కడ వలలు వేసిన చోటికి కిలోమీటరుకు పైనే తెడ్డు వేయాలి, ఎదురుగాలిలో తిరిగి రావాలి. ఆ తెడ్డు పట్టేది ఆమె. అది ఆలోచించాకే మనసు మార్చుకున్నాను.

మిగతావి తొందరగానే పక్కకు పోయాయి. థర్మాకోల్ తెప్ప చవక, తేలిక. కానీ దాని మీద నిలబడి వల లాగితే ఒరుగుతుంది, ఏడాదికే అంచులు పొడిపొడిగా రాలి నీళ్ళలో కలుస్తాయి. గాలి నింపే రబ్బరు పడవకు సర్కారు తుమ్మ ఒక్కటే చాలిన శత్రువు. రెండు మిల్లీమీటర్ల అల్యూమినియం రేకు చదరపు మీటరుకు ఐదున్నర కిలోలే గాని, అంత పలుచని రేకును నీళ్ళు కారకుండా అతికే చేయి నాకు దగ్గరలో దొరకలేదు. ఐఎస్ 710 ప్రమాణ ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ మీద మాత్రం నాకు నిజంగా మోజు ఉంది. ఆరు మిల్లీమీటర్ల బల్లతో పడవ నలభై కిలోల లోపే తూగేది. కానీ తెల్లవారి నీళ్ళలో, పగలంతా ఎండలో, ఏడాది పొడవునా అదే వరస. ఆ తడికీ ఎండకీ కట్టె అంచులు విచ్చుకోకుండా చూసుకోవాలంటే ఏటా ఎపాక్సీ జిగురు పూయాలి. రోజు కూలీ మీద బతికే ఇంటికి ఏటా పెట్టే ఖర్చు ఉన్న పడవను ఇవ్వడం న్యాయం అనిపించలేదు. ఫైబర్ మీదికే వచ్చాను.

కొలతలు ఇలా వేశాను. పొడవు మూడు మీటర్లు, అడుగు వెడల్పు 90 సెంటీమీటర్లు, పక్కల ఎత్తు 38. అడుగు పూర్తిగా బల్లపరుపు. ముందు, వెనక భాగాలు మాత్రం కొంచెం పైకి లేచి ఉంటాయి, నాచు మీదికి ఎక్కి జారిపోవడానికి. వెడల్పు 75 చాలదా అని ఆయన అడిగాడు, బరువు తగ్గుతుందని. నేను ఒప్పుకోలేదు. పడవ ఒరగకుండా నిలిచే బలం వెడల్పుతో పాటు సమంగా పెరగదు, వెడల్పు ఘనంతో (వెడల్పును దానితోనే మూడుసార్లు గుణించిన లెక్కలో) పెరుగుతుంది. 75ను 90 చేస్తే వెడల్పు పెరిగేది ఐదో వంతే, నిలకడ పెరిగేది దాదాపు ముప్పావు వంతు. నిలబడి, ఒక పక్కకు వంగి, చేపలతో బరువెక్కిన వలను పైకి లాగే మనిషికి ఆ ముప్పావు వంతే ప్రాణం.

అడుగుకు కింద పొడవునా మూడు పట్టీలు పెట్టాను, ఒక్కోటి మూడు సెంటీమీటర్ల ఎత్తు. ఇవి మూడు పనులు చేస్తాయి. బల్లపరుపు అడుగు గాలికి పక్కకు జారకుండా కొంత ఆపుతాయి. గట్టి నేల మీద ఈడ్చినప్పుడు అడుగుకు బదులు అవి అరుగుతాయి. మూడోది బురద కోసం. చదునైన అడుగు తడి రేగడి మీద కూర్చుంటే పీల్చినట్టు పట్టేస్తుంది, ఇద్దరు లాగినా రాదు. పట్టీల పక్కనుంచి గాలి దూరితే ఆ పట్టు విడుస్తుంది. పట్టు విడిచాక బురదే పడవకు దారి అవుతుంది. యాభై కిలోల పడవ రెండు చదరపు మీటర్ల మీద పరచుకుని ఉంటుంది కాబట్టి, నడిచే మనిషి పాదం కింద పడే ఒత్తిడిలో దాని కింద నూరో వంతు కూడా ఉండదు. మనిషి మోకాలి దాకా దిగబడే చోట పడవ పైపైన జారుతుంది. అంచు మీద చేతులు ఆన్చి, బరువు దాని మీద వేసి నెట్టుకుపోవచ్చు. ఆ చివరి 90 అంగలు అలా పోతాయని అనుకున్నాను, అలాగే పోయాయి.

ఇక బరువు. 450 గ్రాముల ఫైబర్ మ్యాట్ (చదరపు మీటరుకు అంత తూగే గాజునార చాప) ఒక పొరకు, దాన్ని తడిపి గట్టిపరిచే జిగురైన రెసిన్‌తో కలిపి చదరపు మీటరుకు కిలోన్నర దాకా అవుతుంది. అడుగుకు నాలుగు పొరలు, పక్కలకు మూడు. పైన జెల్ కోట్ (నున్నటి పై పూత), అడ్డపట్టీలు, రెండు పీటలు, అంచు కట్టు కలిపి 44 కిలోలు రావాలని కాగితం మీద తేల్చాను. పని మే నెల మొదట్లో పెట్టుకున్నాం. కర్నూలు ఎండలో రెసిన్ డబ్బాలోనే గడ్డకడుతుంది. రెసిన్‌ను గడ్డకట్టించే హార్డెనర్‌ను నూటికి ఒక వంతుకు తగ్గించి, తెల్లవారుజామున నాలుగింటికి మొదలుపెట్టినా, ఏడు దాటేసరికి షెడ్డు కుర్రాళ్ళు కంగారుపడి బ్రష్షు నిండా రెసిన్ పోశారు. మ్యాట్ తడవడానికి కావలసినంతకు మించి పోసిన రెసిన్ బలం ఇవ్వదు, బరువే ఇస్తుంది. రోలరుతో అదిమి పిండాలి, ఆ ఓపిక ఆ వేడిలో తగ్గింది. పడవ అచ్చు నుంచి ఊడదీసి తూచితే 51 కిలోలు. ఏడు కిలోలు అదనం. ఆ ఏడు కిలోల గురించి అప్పుడు నేను పెద్దగా పట్టించుకోలేదు.

ఈ పని నేర్చుకునే పిల్లలెవరైనా చదువుతుంటే ఒక మాట. హార్డెనర్‌ను, అది వేగంగా పనిచేయడానికి వేసే యాక్సిలరేటర్‌ను నేరుగా ఎప్పుడూ కలపకండి. పేలుతుంది. ఒకటి రెసిన్‌లో పూర్తిగా కలిశాకే రెండోది.

ఫైబర్ తనంతట తాను తేలదు. నీళ్ళు నిండితే రాయిలా మునుగుతుంది. చాలామంది కొనేటప్పుడు దీన్ని చూడరు, అమ్మేవాళ్ళు చెప్పరు. పీటల కింద పెట్టెల్లో తేలే సరుకు ఏదో ఒకటి ఉండి తీరాలి. థర్మాకోల్ పెట్టి నేరుగా దాని మీద పాలియెస్టర్ రెసిన్ పూస్తే అది మంచులా కరిగిపోతుంది. చాలా ఏళ్ళ కిందట నేనే అలా ఒక పడవ చేశాను. ఆర్నెల్ల తర్వాత పెట్టె కోసి చూస్తే లోపల డొల్ల. ఈసారి రెండు లీటర్ల ఖాళీ ప్లాస్టిక్ సీసాలు మూతలు బిగించి 30 పేర్చాను. అరవై లీటర్ల గాలి అంటే అరవై కిలోలను ఎత్తే శక్తి. పెట్టె చిల్లుపడినా సీసాలు ఉంటాయి. మునిగిన ఫైబర్ నీళ్ళలో తూగేది పదిహేడు కిలోలే కాబట్టి, ఇంకా నలభై దాకా మిగులుతుంది. మెడ దాకా నీళ్ళలో ఉండి అంచు పట్టుకున్న ఇద్దరికి అది చాలు.

చాలునని నోటితో చెబితే సరిపోదు. నడుము లోతు నీళ్ళలో ఇద్దరినీ పక్కన నిలబెట్టి, బక్కెట్లతో పడవ నిండా నీళ్ళు పోశాం. అంచు నీటి మట్టానికి వచ్చి ఆగింది. "వదినా, అంచు పట్టుకుని కాళ్ళు పైకి తీయండి" అన్నాను. ఆమె రెండు చేతులతో పట్టుకుంది, కొంగు నడుముకు చుట్టుకుంది, కాళ్ళు తీసింది. పడవ కాస్త వంగింది, మునగలేదు. ఆమె చాలాసేపు అలాగే ఉంది. దిగాక ఏమీ అనలేదు, పీట మీద చేయి వేసి రెండుసార్లు తట్టింది. లైఫ్ జాకెట్ లేకుండా పడవ ఎక్కనని ఆ రోజే నాకు మాట ఇచ్చింది, ఇప్పటికీ నిలుపుకుంటోంది.

ఇద్దరు ఎక్కి, వలలు పెట్టుకుంటే దిగుడు పది సెంటీమీటర్లకు కాస్త పైన. లెక్క తప్పలేదు. గడ వేసి మోకాలి లోతులో, పిక్కల లోతులో కూడా తిరిగారు. నేను సంతోషంగా కర్నూలు వచ్చేశాను.

జూన్ మొదట్లో వానలకు ముందు మళ్ళీ వెళ్ళాను. అప్పటికి దూరం 900 అంగలు అయింది. తెల్లవారుజామున వాళ్ళు పడవ ఎత్తుకుని బయలుదేరితే వెనకే నడిచాను. ఆయన ముందు, ఆమె వెనక. ఇద్దరు మోస్తే చెరి ఇరవై ఐదున్నర కిలోలు అని నేను షెడ్డులో కూర్చుని లెక్క వేశాను. ఆ లెక్కలో ఇద్దరూ సమానం. నేల మీద కాదు. గట్టి నేల దాటేలోపే ఆమె నాలుగుసార్లు ఆగింది. ఎడమ భుజం మీద గుడ్డ చుట్ట పెట్టుకుంది, అది జారినప్పుడు కింద చర్మం కమిలి నల్లగా కనిపించింది. "రోజూ ఇలాగేనా వదినా?" అని అడిగాను. "ట్యూబు కంటే నయం కదా" అంది. నన్ను నొప్పించకూడదని అలా అందని తెలుస్తూనే ఉంది.

చక్రాల బండి ఆలోచన చేశాం. సైకిలు టైర్లు వేసి చేసిన చిన్న బండి గట్టి నేల మీద చక్కగా పోయింది, బురద మొదలయ్యేసరికి ఇరుసు దాకా దిగింది. బండిని అక్కడే వదిలి పోతే తిరిగి వచ్చేసరికి ఉంటుందన్న నమ్మకం లేదు. పడవలో వేసుకుపోతే అది ఇంకో పన్నెండు కిలోలు. మానేశాం.

పడవను నేను వెనక్కి తీసుకుని, రెండోది చేసి ఇస్తానన్నాను. ఆయన ఒప్పుకోలేదు, డబ్బు ఎక్కడిదని. మొదటి పడవ 26 వేలు అయింది, అందులో సగం ఆమె డ్వాక్రా అప్పే. తప్పు నా లెక్కది కాబట్టి కూలీ నాది, సరుకు ఖర్చులో సగం వాళ్ళది అని తేల్చుకున్నాం. (కొత్తగా కొనేవాళ్ళు మత్స్య శాఖ కార్యాలయంలో ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన లాంటి పథకాల గురించి అడగాలి. 2020లో ఆ పథకం పెట్టినప్పుడు నిర్ణయించిన ఖర్చులో సాధారణ వర్గాలకు 40 శాతం, ఎస్సీ, ఎస్టీ, మహిళలకు 60 శాతం సాయం ఉండేది. ఇంట్లో ఆడవాళ్ళు కూడా పడవ ఎక్కేవాళ్ళైతే దరఖాస్తు వాళ్ళ పేరున పెట్టడం మంచిది.)

రెండో పడవ పొడవు 2.7 మీటర్లు. వెడల్పు తగ్గించలేదు. పని అక్టోబరులో చేశాం, రెసిన్ తీరుబడిగా తడిసింది, ప్రతి పొరనూ నేనే రోలరుతో పిండాను. 41 కిలోలు వచ్చింది. ముప్పై సెంటీమీటర్ల పొడవు పోతే దిగుడు ఎంత పెరిగిందో తెలుసా? అర సెంటీమీటరు. పది కిలోలు తగ్గడానికి అర సెంటీమీటరు నీళ్ళు. మొదటిసారే ఈ బేరం నా కళ్ళ ముందు ఉంది, కానీ నేను దిగుడును చూశాను, భుజాన్ని చూడలేదు. మోసే కట్టు కూడా మార్చాను. ఒక వైపు పిడిని పడవ చివర కాక నడుముకు దగ్గరగా జరిపితే ఆ వైపు మోసేవారికి బరువు పెరుగుతుంది, అవతలివారికి తగ్గుతుంది. ఆయన పిడిని అలా లోపలికి జరిపాను. ఇప్పుడు ఆమె వంతు పదిహేడు కిలోలు, ఆయన వంతు ఇరవై నాలుగు.

ఏడాది గడిచింది. దెబ్బలు తగలకపోలేదు. తుమ్మ మోడు ఒకటి అడుగున చేతివేలు పొడవు గీత పెట్టింది. బాగా ఎండబెట్టి, చుట్టూ గరుకు కాగితంతో రుద్ది రెండు పొరల మ్యాట్ వేశాను. తడి మీద అతుకు వేస్తే నెల తిరగకుండా ఊడుతుంది, తొందరపడొద్దని ఆయనకు నాలుగుసార్లు చెప్పాల్సి వచ్చింది. ఏప్రిల్ ఎండలో తెల్ల జెల్ కోట్ కూడా అరికాళ్ళు కాలేంత వేడెక్కింది. తడిపిన గోనెసంచి పరుచుకుంటున్నారు. ఆషాఢం గాలిలో పొట్టి పడవ కాస్త ఎక్కువ జారుతోంది, మొదటిదే నయమని ఆయన అంటాడు. నిజమే. గాలి ముదిరిన రోజు వెళ్ళొద్దన్నదే నా సలహా, ఆమె మాట కూడా అదే.

మొదటి పడవను పక్క ఊరి అన్నదమ్ములు ఇద్దరు కొన్నారు. వాళ్ళకు 51 కిలోలు ఒక లెక్క కాదు.

ఈ మార్చిలో మళ్ళీ ఆ రాయి దగ్గర నుంచి వాళ్ళ వెనక నడిచాను. ఈసారి 710 అంగలు. గట్టి నేల మీద ఆమె ఒక్కసారి ఆగింది, అదీ చెప్పు తెగితే తీసి పడవలో పడేయడానికి. బురద దగ్గర పడవ దించి, చెరో అంచు మీద చేతులు ఆన్చి నెట్టారు. నేను అక్కడే ఆగిపోయాను, నా కాళ్ళు దిగబడుతున్నాయి. వెలుగు వచ్చేసరికి వాళ్ళు నీళ్ళలో ఉన్నారు. ఆమె గడ వేస్తోంది, ఆయన నిలబడి వల విప్పుతున్నాడు.